నంద్యాల ప్రతినిధిగా దేశాన్ని నడిపిన పి.వి. - ప్రజారోగ్యంలో నిధులు, నియామకాలు

(జూన్ 28 పి.వి. నరసింహారావు జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

శ్రీ పాములపర్తి వెంకట నరసింహారావు 1991 జూన్ 21న దేశ ప్రధానమంత్రిగా ప్రమాణ స్వీకారం చేసే నాటికి పార్లమెంటు ఉభయ సభలలో దేనిలోనూ సభ్యులు కారు. ఆరు నెలలలోగా ఏదో ఒక సభకు ఎన్నిక కావాలన్న రాజ్యాంగ నిబంధన ఆయన ముందు నిలిచింది. ఆ సమయంలో ఆళ్లగడ్డ ప్రాంత రాజకీయాలలో సుపరిచితులైన శ్రీ గంగుల ప్రతాపరెడ్డి తాము కొద్ది నెలల క్రితమే గెలుచుకున్న నంద్యాల లోక్‌సభ స్థానానికి రాజీనామా చేశారు. 1991 నవంబర్‌లో జరిగిన ఉప ఎన్నికలో తెలుగుదేశం పార్టీ అభ్యర్థిని నిలపలేదు. తొలి తెలుగు ప్రధానిని నంద్యాల, ఆళ్లగడ్డ తదితర ప్రాంతాల ఓటర్లు 5 లక్షల 80 వేలకు పైగా ఆధిక్యతతో లోక్‌సభకు పంపారు. దేశ ఎన్నికల చరిత్రలో అది అప్పటికి రికార్డు.

ఆర్థిక సంస్కరణలకు సంబంధించి శ్రీ పి.వి.ని స్మరించుకోవడం పరిపాటి. అయితే ప్రజారోగ్యం, సాంఘిక సంక్షేమ సేవలతో ఆయనకు గల సంబంధం దాదాపు మూడు దశాబ్దాల పాటు కొనసాగినదన్న విషయం తగినంతగా ప్రచారంలోకి రాలేదు. 1967లో రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రిగా, 1986-88 మధ్య కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ బాధ్యులుగా, 1991-96 మధ్య ప్రధానిగా ఆయన ఒకే సమస్యను మూడు స్థాయిలలో ఎదుర్కొన్నారు. పథకానికి నిధులు ఎవరు ఇవ్వాలి, ఆ పథకాన్ని అమలు చేసే డాక్టరు, నర్సు, ఆరోగ్య కార్యకర్తల జీతాలు ఎవరు భరించాలి అన్నదే ఆ సమస్య. ఆయన ప్రాతినిధ్యం వహించిన నియోజకవర్గంలోని ఆసుపత్రులకు కూడా అది వర్తించినదే.

వంగర నుంచి సచివాలయం వరకు

శ్రీ పి.వి. 1921 జూన్ 28న వరంగల్లు జిల్లా నర్సంపేట ప్రాంతంలోని లక్నేపల్లిలో జన్మించారు. నాటి కరీంనగర్ జిల్లా వంగర గ్రామంలో పెరిగారు. నిజాం రాజ్యంలో వందేమాతర ఉద్యమంలో పాల్గొన్నందుకు చదువుకు ఆటంకం ఏర్పడగా, పుణె, నాగపూర్‌లలో విద్యాభ్యాసం పూర్తిచేసి న్యాయశాస్త్ర పట్టా పొందారు. వరంగల్లులో కాకతీయ పత్రిక నిర్వహణలో పాలుపంచుకున్నారు. 1957లో మంథని నుంచి శాసనసభకు ఎన్నికై, 1977 వరకు ఆ స్థానానికే ప్రాతినిధ్యం వహించారు. 1962లో న్యాయ, సమాచార శాఖల మంత్రిగా రాష్ట్ర మంత్రివర్గంలో ప్రవేశించి, ఆ తరువాత న్యాయ, దేవాదాయ శాఖలను నిర్వహించారు.

ప్రణాళిక విరామంలో వైద్య, ఆరోగ్య శాఖ

1967 సాధారణ ఎన్నికల అనంతరం శ్రీ కాసు బ్రహ్మానందరెడ్డి మంత్రివర్గంలో శ్రీ పి.వి. వైద్య, ఆరోగ్య శాఖ బాధ్యతలు చేపట్టారు. ఖజానా పరిస్థితి అప్పుడు ఏ విధంగానూ అనుకూలంగా లేదు. వరుస కరవులు, 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గింపు కారణంగా నాలుగవ పంచవర్ష ప్రణాళిక వాయిదా పడింది. 1966 నుంచి 1969 వరకు దేశం వార్షిక ప్రణాళికలతోనే సరిపెట్టుకుంది.

రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోని అంశాలు. అయితే మలేరియా, మశూచి, క్షయ, కుటుంబ నియంత్రణ వంటి కార్యక్రమాలను కేంద్రం రూపొందించి, నిధులు సమకూర్చేది. ప్రణాళిక కాలంలో కొత్త పోస్టులకు పథకం కింద డబ్బు వచ్చేది. గడువు ముగియగానే ఆ జీతాలు రాష్ట్ర ప్రణాళికేతర వ్యయంలో చేరేవి. ఆ భారాన్ని మోయలేని రాష్ట్రాలు పోస్టులను ఖాళీగా ఉంచడం ఆ దశాబ్దంలోనే మొదలైంది.

దీనికి మలేరియా నిర్మూలన కార్యక్రమమే ఉదాహరణ. ఇంటింటికీ తిరిగి జ్వరాల వివరాలు సేకరించి, రక్త నమూనాలు తీసే సిబ్బంది వల్ల 1965 నాటికి దేశంలో మలేరియా కేసులు లక్ష దరిదాపులకు తగ్గాయి. వ్యాధి తగ్గిన ప్రాంతాలలో నిఘా బాధ్యతను సాధారణ ఆరోగ్య సేవలకు అప్పగించాలని నిర్ణయించారు. ఆ సేవలలో తగినంత మంది సిబ్బంది లేకపోవడం, మందుల కొరత, దోమలు డి.డి.టి.ని తట్టుకోవడం తోడై 1976 నాటికి కేసుల సంఖ్య 64 లక్షలు దాటింది. వ్యాధి తగ్గిందని సిబ్బందిని తగ్గిస్తే అది తిరిగి వస్తుందన్న పాఠాన్ని దేశం ఆ విధంగా నేర్చుకుంది. శ్రీ పి.వి. ఆరోగ్య శాఖలో పనిచేసిన కాలం స్వల్పమే అయినా, ఈ మార్పు ఆరంభమైన సమయమది. 1968లో ఆయన విద్యాశాఖకు మారారు. అదే సంవత్సరం ఏర్పాటైన తెలుగు అకాడమీకి తొలి అధ్యక్షులయ్యారు.

ఉద్యోగాల ప్రశ్న - ముఖ్యమంత్రి పదవి

1971 సెప్టెంబర్ 30న శ్రీ పి.వి. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. భూసంస్కరణల చట్టానికి రూపకల్పన, సర్వేలులో గురుకుల పాఠశాల స్థాపన ఆ కాలంలో జరిగినవే. అయితే ఆయన ప్రభుత్వాన్ని కుదిపివేసినది ప్రభుత్వ ఉద్యోగాల నియామకాల సమస్య. తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాలకు స్థానికతను నిర్దేశించే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కోస్తా, రాయలసీమ ప్రాంతాలలో జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. 1973 జనవరిలో శ్రీ పి.వి. పదవి నుంచి వైదొలిగారు. రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన ఏర్పడింది.

ఆ సంక్షోభం నుంచి వెలువడిన ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలోని 371-డి అధికరణం, 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు నియామకాల స్వరూపాన్నే మార్చివేశాయి. రాష్ట్రాన్ని జోన్లుగా విభజించగా చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు జిల్లాలు నాలుగవ జోన్‌గా ఏర్పడ్డాయి. ఆసుపత్రులలోని పలు కేటగిరీల పోస్టులకు కూడా ఈ స్థానిక కేడర్లే వర్తించాయి. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంత యువతకు సొంత జిల్లాలో, సొంత జోన్‌లో ఉద్యోగావకాశాలకు ఇవి రక్షణ కల్పించాయి. అదే సమయంలో, ఒక జోన్‌లో అర్హులైన నిపుణులు కొరవడినప్పుడు ఇతర జోన్ల నుంచి సిబ్బందిని సర్దుబాటు చేయడానికి ఉన్న వెసులుబాటు తగ్గింది.

కేంద్రంలో ఆరోగ్యం, మానవ వనరులు

1977 నుంచి లోక్‌సభ సభ్యులుగా ఉన్న శ్రీ పి.వి. విదేశీ వ్యవహారాలు, హోం, రక్షణ శాఖల అనంతరం 1985 సెప్టెంబర్‌లో కొత్తగా ఏర్పడిన మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వ శాఖను చేపట్టారు. 1986 జాతీయ విద్యా విధానం, నవోదయ విద్యాలయాలు ఆ హయాంలోనివి. స్త్రీ, శిశు అభివృద్ధి విభాగం కూడా ఆ మంత్రిత్వ శాఖలోనే ఉండడం వల్ల 1975లో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం, దానిలోని అంగన్‌వాడీ కేంద్రాలు ఆయన పరిధిలోకి వచ్చాయి. 1986లో ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ కూడా ఆయనకు అప్పగించడంతో శిశువు పోషణ, టీకాలు, చదువు ఒకే మంత్రి పర్యవేక్షణ కిందికి రావడం విశేషం.

1985 నవంబర్‌లో ప్రారంభమైన సార్వత్రిక టీకాల కార్యక్రమం జిల్లాల వారీగా విస్తరించినది ఈ కాలంలోనే. 1986లో మద్రాసులో తొలి హెచ్.ఐ.వి. కేసులు బయటపడగా, 1987లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఈ కార్యక్రమాలన్నింటికీ పునాది గ్రామ స్థాయి ఉపకేంద్రం. మైదాన ప్రాంతాలలో 5 వేల జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతాలలో 3 వేల జనాభాకు ఒక ఉపకేంద్రం ఉండాలన్నది జాతీయ ప్రమాణం. కుటుంబ సంక్షేమ పథకం కింద ఏర్పాటైన ఉపకేంద్రంలో మహిళా ఆరోగ్య కార్యకర్త జీతాన్ని కేంద్రం భరించగా, పురుష ఆరోగ్య కార్యకర్త జీతం రాష్ట్రంపై ఉండేది. ఫలితంగా మహిళా కార్యకర్తల నియామకాలు ముందుకు సాగాయి. పురుష కార్యకర్తల పోస్టులు దేశవ్యాప్తంగా పెద్ద సంఖ్యలో ఖాళీగా మిగిలాయి. అంగన్‌వాడీ కార్యకర్తలు ఉద్యోగులుగా కాక, గౌరవ వేతనం పొందే స్వచ్ఛంద కార్యకర్తలుగానే పరిగణన పొందారు.

ఖాళీ ఖజానాతో ప్రధాని పదవి

1991లో శ్రీ పి.వి. ప్రధాని పదవి చేపట్టే నాటికి విదేశీ మారక ద్రవ్య నిల్వలు రెండు, మూడు వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితిలో ఉన్నాయి. జూలై మొదటి వారంలో రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించారు. బంగారాన్ని విదేశాలలో కుదువ పెట్టవలసి వచ్చింది. జూలై 24న ఆర్థిక మంత్రి డాక్టర్ మన్మోహన్ సింగ్ ప్రవేశపెట్టిన బడ్జెట్ ద్రవ్యలోటును గణనీయంగా తగ్గించాలని లక్ష్యంగా పెట్టుకుంది.

ఆరోగ్య రంగంపై దీని ప్రభావం త్వరలోనే కనిపించింది. సంస్కరణల తొలి రెండు సంవత్సరాలలో రాష్ట్రాల ఆరోగ్య వ్యయానికి కేంద్రం నుంచి వచ్చే సహాయంపై ఒత్తిడి పెరిగింది. వ్యాధి నియంత్రణ పథకాలపై ఆ భారం ఎక్కువగా పడింది. రాష్ట్రాలు తమ బడ్జెట్లలో జీతాలకు కోత విధించలేక, మందులు, పరికరాలు, వాహనాలు, మరమ్మతుల పద్దులలో సర్దుబాటు చేసుకున్నాయి. డాక్టరు ఉన్నచోట మందులు లేని పరిస్థితి, ఖాళీ అయిన పోస్టులను భర్తీ చేయని పరిస్థితి ఏకకాలంలో ఏర్పడ్డాయి.

శ్రీ పి.వి. ప్రభుత్వం ఈ స్థితిని గుర్తించి, తరువాతి సంవత్సరాలలో సామాజిక రంగ కేటాయింపులను పెంచింది. ప్రణాళికా సంఘం అధ్యక్షులుగా ఆయన ఆమోదించిన ఎనిమిదవ పంచవర్ష ప్రణాళికలో గ్రామీణాభివృద్ధికి 30 వేల కోట్ల రూపాయలు కేటాయించారు. వ్యాధి నియంత్రణ కార్యక్రమాలకు ప్రపంచ బ్యాంకు రుణాలు స్వీకరించారు. 1992లో ఎయిడ్స్ నియంత్రణకు, 1993లో కుష్ఠు నిర్మూలనకు, 1994లో ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రాలలో శుక్లాల అంధత్వ నివారణకు ఒప్పందాలు కుదిరాయి. 1993లో సవరించిన క్షయ నియంత్రణ కార్యక్రమం ప్రయోగాత్మకంగా మొదలైంది. 1995 డిసెంబర్ 9న, 1996 జనవరి 20న దేశవ్యాప్తంగా తొలి పల్స్ పోలియో దినాలు జరిగాయి. ఈ కృషి 2014 మార్చిలో పోలియో రహిత ధ్రువీకరణతో ఫలించింది.

రాష్ట్రానికి సంబంధించి ముఖ్యమైనది ప్రపంచ బ్యాంకు 1994 డిసెంబర్‌లో ఆమోదించిన ఆంధ్రప్రదేశ్ ప్రథమ రెఫరల్ ఆరోగ్య వ్యవస్థ ప్రాజెక్టు. 13 కోట్ల 30 లక్షల డాలర్ల ఈ ప్రాజెక్టును 1986 నాటి చట్టం ద్వారా ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వైద్య విధాన పరిషత్ అమలు చేసింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ, బోధనాసుపత్రికీ మధ్య ఉండే జిల్లా, ప్రాంతీయ, సామాజిక ఆసుపత్రుల భవనాలు, పరికరాలు, శిక్షణ దీని లక్ష్యాలు. నాటి కర్నూలు జిల్లాలో బోధనాసుపత్రి కర్నూలులో ఉండగా, జిల్లా ఆసుపత్రి నంద్యాలలో ఉండేది. ప్రాజెక్టు పూర్తయ్యాక ఆసుపత్రులను నడిపే భారం, సిబ్బంది జీతాలు రాష్ట్ర బడ్జెట్‌పైనే నిలిచాయి.

పేదలకు నేరుగా సహాయం

1995 ఆగస్టు 15న ప్రారంభమైన జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం శ్రీ పి.వి. పాలనలో సంక్షేమ రంగానికి సంబంధించిన ప్రధాన నిర్ణయం. పూర్తిగా కేంద్ర నిధులతో మూడు పథకాలు అమలులోకి వచ్చాయి. 65 సంవత్సరాలు దాటిన నిరాధార వృద్ధులకు నెలకు 75 రూపాయల పింఛను, కుటుంబ పోషకుడు సహజంగా మరణిస్తే 5 వేలు, ప్రమాదంలో మరణిస్తే 10 వేల రూపాయల సహాయం, పేద గర్భిణులకు తొలి రెండు కాన్పులకు 300 రూపాయల చొప్పున సహాయం అందించారు. వృద్ధుల పోషణలో రాష్ట్రాలకు కేంద్రం తోడుగా నిలవాలన్న సూత్రం దీనితో స్థిరపడింది. అదే రోజున పాఠశాలల మధ్యాహ్న భోజనానికి కేంద్ర సహాయం మొదలైంది. అదే సంవత్సరం వికలాంగుల చట్టాన్ని పార్లమెంటు ఆమోదించి, ప్రభుత్వ ఉద్యోగాలలో 3 శాతం రిజర్వేషన్ కల్పించింది.

1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామ స్వపరిపాలనకు కొత్త రూపునిచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, పారిశుద్ధ్యం, కుటుంబ సంక్షేమం, స్త్రీ శిశు అభివృద్ధి, సాంఘిక సంక్షేమం పంచాయతీలకు బదలాయించదగిన 29 అంశాలలో చేరాయి. బదలాయింపు ఎంతమేరకన్నది రాష్ట్రాల నిర్ణయానికి వదలివేయడంతో, నిధులు, సిబ్బందిపై అధికారం పంచాయతీలకు పరిమితంగానే అందింది.

గది కట్టవచ్చు - జీతం ఇవ్వరాదు

1993 డిసెంబర్ 23న శ్రీ పి.వి. ప్రకటించిన పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంత అభివృద్ధి పథకం ఆయన జీవితంలో తరచు ఎదురైన సమస్యను స్పష్టంగా చూపుతుంది. తొలి సంవత్సరం 5 లక్షలు, 1994-95 నుంచి ఏటా కోటి రూపాయల పనులను ప్రతి సభ్యుడూ సిఫారసు చేయవచ్చు. నిబంధనల ప్రకారం ఈ నిధితో శాశ్వత ఆస్తులను మాత్రమే సృష్టించాలి. జీతాలు, నిర్వహణ వంటి ఏటేటా వచ్చే వ్యయానికి దీనిని వినియోగించరాదు. అంటే నంద్యాల ఎం.పి. ఆసుపత్రికి ఒక గదిని మంజూరు చేయించగలరు. ఆ గదిలో పనిచేసే నర్సును నియమించజాలరు. ఆ ఎం.పి. దేశ ప్రధాని అయినప్పటికీ నిబంధన మారదు. నర్సు పోస్టును మంజూరు చేయవలసినది రాష్ట్ర ఆర్థిక శాఖ, భర్తీ చేయవలసినది నియామక సంస్థ.

ఒకవైపు నల్లమల అడవి, చెంచు గూడేలు, మరొకవైపు కుందూ తీరపు పల్లెలు గల ఆళ్లగడ్డ ప్రాంతంలో ఈ తేడా చిన్న విషయం కాదు. ప్రమాణాల ప్రకారం 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రంలో శస్త్రచికిత్స, సాధారణ వైద్యం, ప్రసూతి, శిశు వైద్య నిపుణులు నలుగురు ఉండాలి. ఆ నలుగురిలో ఒక్కరు లేకపోయినా రోగి నంద్యాలకు, అక్కడినుంచి కర్నూలుకు వెళ్లవలసిందే. కాన్పు కష్టమైన తల్లికి ఆ ప్రయాణ సమయమే ప్రాణాంతకం కాగలదు.

అనంతర పరిణామాలు

1996 ఎన్నికలలో శ్రీ పి.వి. నంద్యాల నుంచి, ఒడిశాలోని బరంపురం నుంచి గెలుపొందారు. బరంపురం స్థానాన్ని ఉంచుకుని నంద్యాలకు రాజీనామా చేశారు. అనంతరం జరిగిన ఉప ఎన్నికలో ఆళ్లగడ్డకు చెందిన శ్రీ భూమా నాగిరెడ్డి విజయం సాధించారు. శ్రీ పి.వి. 2004 డిసెంబర్ 23న న్యూఢిల్లీలో కన్నుమూశారు. 2024లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు మరణానంతరం భారతరత్న ప్రకటించింది.

ఆయన మరణించిన నాలుగు నెలలలోపే, 2005 ఏప్రిల్ 12న ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కేంద్ర నిధులతో డాక్టర్లు, నర్సులు, ఆరోగ్య కార్యకర్తలను కాంట్రాక్టు పద్ధతిలో నియమించుకునేందుకు రాష్ట్రాలకు వీలు కల్పించింది. పథకానికి నిధులే కాక పనిచేసే మనుషులకు కూడా నిధులు ఇవ్వాలన్న అవగాహన ఆ మేరకు విధానంలో చోటు చేసుకుంది. అయితే ఆశా కార్యకర్తలకు ప్రోత్సాహకాలు, కాంట్రాక్టు సిబ్బందికి పరిమిత కాలపు ఒప్పందాలు మాత్రమే లభించాయి. 2015-16 నుంచి ఈ మిషన్ వ్యయాన్ని కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం చొప్పున భరిస్తున్నాయి. 2017-18 బడ్జెట్‌తో ప్రణాళిక, ప్రణాళికేతర వ్యయాల విభజన రద్దయింది.

శ్రీ పి.వి. 75 రూపాయలతో ప్రారంభించిన వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 60 నుంచి 79 సంవత్సరాల వారికి 200 రూపాయలకు చేరింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జూలైలో పింఛనును 4 వేల రూపాయలకు పెంచి, సచివాలయ సిబ్బంది ద్వారా ఇంటి వద్ద పంపిణీ ప్రారంభించింది. పెరిగిన మొత్తంలో అత్యధిక భాగం రాష్ట్రానిదే.

2022 ఏప్రిల్ 4న నంద్యాల కేంద్రంగా ఆళ్లగడ్డతో సహా కొత్త జిల్లా ఏర్పడింది. 2023 సెప్టెంబర్ 15న నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. వైద్య కళాశాల అనుమతికి భవనాలు, పడకలతో పాటు నిర్ణీత సంఖ్యలో బోధనా సిబ్బంది ఉండాలన్నది జాతీయ వైద్య కమిషన్ నిబంధన. సిబ్బంది సంఖ్య తగ్గితే సీట్లకు ముప్పు వస్తుంది కనుక, వాటిని భర్తీ చేయడం ప్రభుత్వానికి తప్పనిసరి అవుతుంది. ఇటువంటి తప్పనిసరి నిబంధన వైద్య కళాశాలలకు ఉన్నంత గట్టిగా సామాజిక ఆరోగ్య కేంద్రానికీ, గ్రామ ఉపకేంద్రానికీ లేదు. 1967లో రాష్ట్ర మంత్రిగా, 1991లో దేశ ప్రధానిగా శ్రీ పి.వి. ఎదుర్కొన్న సమస్యలో పరిష్కారం కావలసిన భాగం ఇదే. నంద్యాలలో ఆయన పొందిన చారిత్రక ఆధిక్యతలో ఆళ్లగడ్డ పల్లెల ఓట్లు కూడా ఉన్నాయి. ఆ పల్లెలకు చేరవలసినది మంజూరైన పోస్టు మాత్రమే కాదు, ఆ పోస్టులో పనిచేసే మనిషి.